మిగిలిన ముక్కలు

"ఏ క్రిమీ కనిపించలేదండి. భయపడాల్సిందేమీ లేదు. ధైర్యంగా ఉండండి."

ఆ మాట చెప్పింది మంచం పక్కన బల్ల మీదున్న టిఫిన్ క్యారియరంత తెల్లడబ్బా. గొంతు మాత్రం త్రినాథ్‌ది. ఆ త్రినాథ్ అదే గదిలో, ఒళ్ళు తెలియకుండా పడి ఉన్న కూతురి పాదాలు రెండూ చేతుల్లో పట్టుకుని నిలబడి ఉన్నాడు. తన గొంతే తనకు ధైర్యం చెబుతుంటే ఎటు చూడాలో తెలియక గోడవైపు తిరిగాడు.

ఆయన భార్య హిమబిందు మళ్ళీ మీట నొక్కింది. డబ్బా మళ్ళీ అదే చెప్పింది, అంతే ఆప్యాయంగా.

"ఇక చాలమ్మా," అంది డాక్టరమ్మ. "పాపకి మెదడు వాచింది. ఏదో క్రిమి లోపల దాక్కుని ఉంది. దాని పేరు తెలిస్తే తప్ప నేను మందు మొదలుపెట్టలేను. ఒకదానికి పనికొచ్చేది ఇంకొకదానికి విషం."

"ఇంకోసారి వెన్నునీరు తియ్యండి."

"ఈ వాపులో మళ్ళీ సూది పెడితే పిల్ల బల్ల మీదే పోతుంది. మొదట తీసింది మీ డబ్బాకే పోశాం కదా. మీదే కదా అని, ఇంకో పరీక్షకు ఉంచకుండా పోశాం."

మీదే కదా. ఆ మాట హిమబిందుకు చెంపదెబ్బలా తగిలింది. డబ్బా ఆమెదే. పేరు 'సులువు'. ఆ పేరు పెట్టిందీ ఆమే.

సులువు పుట్టింది కోపంలోంచి. హిమబిందు క్రిముల మీద పరిశోధన చేసే రోజుల్లో రోగి నుంచి తీసిన చుక్క యంత్రంలో పోస్తే, అందులో ఉన్న జీవులన్నిటి జన్యువుల్నీ అది ముక్కలు ముక్కలుగా చదివి లక్షల వరసలు కుమ్మరించేది. ఆ ముక్క ఏ క్రిమిదో పోల్చి చూడాలంటే మాత్రం కంప్యూటరు కుర్రాళ్ళ కాళ్ళు పట్టుకోవాలి. నల్లటి తెర, దాని మీద అర్థంకాని ఆజ్ఞలు, ఒక్క చుక్క అటూ ఇటూ అయితే మొదటికొచ్చే వ్యవహారం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, ముక్కలు చేతిలో ఉండి కూడా వారాల తరబడి వాళ్ళ గది బయట కుర్చీలో కూర్చునేది. ఈలోగా రోగులు పోయేవాళ్ళు. ఆ పూజారుల్ని మధ్యలోంచి లేపేస్తానని అప్పుడే పంతం పట్టింది.

పట్టినదాన్ని సాధించింది కూడా. ప్రోగ్రామింగ్ ఒక్క అక్షరం రాని మనిషి, అమలాపురం కుర్రాడు జోయెల్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, వాడి చేత రాయించి, కొట్టేయించి, మళ్ళీ రాయించి సులువును నిలబెట్టింది. ఒక్కటే మీట. చుక్క పోసి నొక్కితే రోగి సొంత ముక్కల్ని పక్కకు తీసేసి, మిగతావాటిని తెలిసిన క్రిముల పట్టీతో పోల్చి, జవాబు నోటితో చెప్పేస్తుంది. కొండల్లో నర్సులు, డెల్టాలో కాంపౌండర్లు, ఎవరైనా వాడొచ్చు. నోటితో చెప్పాలి కాబట్టి మంచి గొంతు కావాల్సి వచ్చింది. ఇంట్లోనే ఉంది. త్రినాథ్ తెలుగు మాస్టారు. ఆయన పద్యం చదివితే బజారులో రిక్షా ఆగేది.

మనవాళ్ళ దగ్గర ఒక మర్యాద ఉంది. రోగిని చూడ్డానికి వెళ్ళినవాడు ముందు కుర్చీ లాక్కుని, "ఏం లేదు, తగ్గిపోతుంది" అనాలి. అనకపోతే వాడు మనిషి కాడు. త్రినాథ్‌కి ఆ మర్యాద ఇంకాస్త ఎక్కువ. రికార్డు చేసేటప్పుడు, "ఉత్త 'కనిపించలేదు' అంటే కొరివి పెట్టినట్టుంది హిమా. పేషెంటు పక్కన ముసలితల్లి ఉంటుంది, పిల్లలుంటారు. కాస్త ధైర్యం చెప్పాలి కదా," అని ఆ రెండు వాక్యాలూ తనే చేర్చాడు. అందరూ మెచ్చుకున్నారు. హిమబిందు కూడా మురిసిపోయింది.

ఆ ధైర్యానికి ఒక్కటే అడ్డమొచ్చింది. ఏ క్రిమితోనూ సరిపోలని ముక్కలు ప్రతి పరీక్షలోనూ కొన్ని మిగిలేవి. డబ్బా తెర మీద అడుగున 'మిగిలినవి' అని ఒక అంకె కనిపించేది. చాలాసార్లు అది ఉత్త చెత్తే. కానీ అది చూసి ఊళ్ళనుంచి ఒకటే ఫోన్లు. రక్తంలో తెలియనిదేదో మిగిలిందట మేడం, పేషెంటు అన్నం మానేశాడు అని ఒకరు. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళారు మేడం అని ఇంకొకరు. విసిగిపోయి హిమబిందు రాజమండ్రి శిక్షణలో నర్సులందరికీ చెప్పేసింది: ఆ అంకె చూడకండి, గొంతు వినండి. తర్వాత ఆ అంకెనే తీసేయమంది. అంకె లేనప్పుడు ముక్కలు దాచడం దేనికి, జాగా దండగ, వాటినీ పారెయ్యమంది.

"అలా అనకండి మేడం," అన్నాడు జోయెల్. "కొత్తదేదన్నా ఉంటే అందులోనే కదండీ ఉండేది?"

"పల్లెటూరి నర్సుకి కొత్తదెందుకయ్యా? ఆవిడకి కావాల్సింది జవాబు."

"మనకి జవాబు తెలీనప్పుడు తెలీదని చెప్పాలి కదండి."

"తెలీదని చెప్పే డబ్బా ఎవడికి కావాలి?"

జోయెల్ ఆ సాయంత్రమే బల్ల సర్దేసుకుని వెళ్ళిపోయాడు. ముక్కలు పారేసే పని వాడి తర్వాత వచ్చినవాళ్ళు చేశారు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు కాకినాడ ఆస్పత్రి వరండాలో నిలబడి హిమబిందు వాడికే ఫోన్ చేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టని తెలుసు. కన్నకూతురు లోపల ఉంటే పట్టుకోని ఆకు ఉంటుందా?

"జోయెల్, మా సంహిత..." అని మొదలుపెట్టి అంతా చెప్పింది. "మిగిలిన ముక్కలు చెరిగిపోయాయి. వెనక్కి రప్పించగలవా?"

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"రావండి. నా తర్వాత వచ్చినోళ్ళు ఎవరో గానీ పని శుభ్రంగా చేశారు. ఆనవాలు కూడా ఉండదండి." మళ్ళీ వాడే అడిగాడు. "పాప ఈమధ్య ఎక్కడికన్నా వెళ్ళిందాండి?"

వెళ్ళింది. స్కూలువాళ్ళు పిల్లల్ని మారేడుమిల్లి అవతలికి, కొండవాగు చూపించడానికి తీసుకెళ్ళారు. సంహిత వాగులో మునిగి తేలి, తడిబట్టలతో నవ్వుకుంటూ ఇంటికొచ్చింది. హిమబిందు ఫోన్ పెట్టకుండానే, నర్సులు నెలనెలా ఆఫీసుకు పంపే రిపోర్టుల్లో ఆ వాగు చుట్టుపక్కల ఊళ్ళు వెతికింది. ఇప్పలగొంది అనే ఊళ్ళో సోడి జోగయ్య అని ఒక పిల్లాడు. జ్వరం, మెడ బిగుసుకుపోవడం. సులువు జవాబు: ఏ క్రిమీ లేదు. ఆ తర్వాత ఒక్క మాట, చనిపోయాడని.

"ఇప్పలగొందా?" జోయెల్ గొంతు మారింది. "అక్కడ టవర్ లేదండి. డబ్బా నేనే మోసుకెళ్ళి పెట్టాను. ముక్కలు పారేసే మీ కొత్త ప్రోగ్రాం నెట్‌లో కదా వెళ్ళేది, అక్కడికి చేరుండదు. పాత డబ్బా ముక్కల్ని పారెయ్యదండి, దాచుకుంటుంది. ఆ బాబు ముక్కలు ఇంకా అందులోనే ఉంటాయి."

"పద. రాజమండ్రిలో కలుసుకుందాం."

"కానీ మేడం, తాళం..."

తాళం సంగతి హిమబిందుకూ గుర్తొచ్చింది. ఎవరి ముక్కలు వాళ్ళవే. ఇంటివాళ్ళు తమ గొంతుతో ఒప్పుకుంటేనే డబ్బా వాటిని చూడనిస్తుంది. పేదవాళ్ళ రక్తంలోని సంగతులు వాళ్ళకు చెప్పకుండా ఎవరూ పట్టుకుపోకూడదని ఆమే పట్టుబట్టి పెట్టించింది. పగలగొడితే లోపలున్నదంతా చెరిగిపోతుంది. ఆమె చేసిన మంచిపని అదొక్కటే అనుకుంటే, అదీ ఇవాళ దారికి అడ్డంగా కూర్చుంది.

బయలుదేరేముందు త్రినాథ్ ఆమెను తలుపు దగ్గర ఆపాడు.

"ఆ పిల్లాడి తల్లికి ఏం చెబుతావు?"

"జరిగింది చెబుతాను."

"చెప్పకు." ఆయన అంత నెమ్మదిగా మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. "నిజం చెబితే ఆవిడ మొహం మీద తలుపేస్తుంది. నేనైనా వేస్తాను. అప్పుడు డబ్బాకి తెలియదు, ఇప్పుడు తెలుస్తుంది అని చెప్పు. నా కూతురు హిమా. ఎంత అబద్ధమైనా చెప్పు."

ఘాట్ రోడ్డు మొత్తం హిమబిందు ఆ అబద్ధాన్ని లోపల్లోపల వల్లె వేసుకుంది. జీపు ఒక్కో మలుపు తిరిగినప్పుడల్లా ఫోన్‌లో సిగ్నల్ ఊడిపోయేది. పిల్ల ఉందో లేదో కూడా తెలియని దూరం అది. జోయెల్ ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, భూమ్మీద ఇంతవరకు చదివిన జీవులన్నిటి పట్టీ అందులో నింపుకొచ్చానని మాత్రం చెప్పి ఊరుకున్నాడు. పాత కోపాల ఊసు ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది.

ఇప్పలగొంది ఆరోగ్యకేంద్రం అంటే రెండు గదుల రేకుల ఇల్లు. నర్సు చంద్రకళ హిమబిందును చూడగానే గుర్తుపట్టింది.

"రాజమండ్రి ట్రైనింగుల మీరే కదా మేడం చెప్పింది! జోగయ్యకి పరీక్ష చేసినప్పుడు ఆ మిగిలినవి శానా చూపించింది. నాకు గుబులైంది. మీరు గొంతు వినమన్నారు కదా అని విన్న. వాళ్ళ నాయన పెద్దాసుపత్రికి పోదామని బండి కూడా మాట్లాడిండు. డబ్బా ఏం లేదన్నాక బండి పంపించేసిండ్రు."

నర్సు ఆ మాట నిందగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. హిమబిందు ఆ ఇల్లు చూపించమంది.

జోగయ్య తల్లి ముత్తమ్మ ఇంటి ముందు కూర్చుని అడ్డాకుల విస్తళ్ళు కుడుతోంది. నర్సు డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టింది. ముత్తమ్మ దానివైపు చూసి, మళ్ళీ ఆకు తీసుకుని పుల్ల గుచ్చింది. హిమబిందు మట్టిలోనే కూర్చుని తన కూతురి సంగతి చెప్పింది. అదే వాగు, అదే జ్వరం, అదే మెడ. మీ బాబు ముక్కలు ఒక్కసారి చూడనిస్తే మందు దొరుకుతుందని చేతులు జోడించింది.

ముత్తమ్మ అంతా విన్నాక అడిగింది. "నా పిలగాడు పండుకున్నప్పుడు ఈ డబ్బాకి తెల్వదా? ఇప్పుడు నీ పిల్లకైతేనే తెలుస్తదా?"

అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది. ఘాట్ రోడ్డంతా నూరిన అబద్ధం. అప్పుడు తెలియదమ్మా అంటే చాలు, ఆమె నమ్ముతుంది, డబ్బా తెరుచుకుంటుంది, సంహిత బతకొచ్చు. జోయెల్ నేల చూస్తున్నాడు. హిమబిందు నోరు తెరిచింది. బండి వెనక్కి పంపించేసిన ఆ తండ్రి కళ్ళముందు మెదిలాడు. ఈ ఇంటికి ధైర్యం చెప్పడం ఒకసారి అయిపోయింది.

"తెలుసు," అంది. "ఏదో కొత్తది ఉందని దానికప్పుడే తెలుసు. దాన్ని పట్టించుకోవద్దని నర్సులకి చెప్పింది నేను. భయం లేదని చెప్పడం డబ్బాకి నేర్పిందీ మేమే."

ముత్తమ్మ చేతిలో పుల్ల ఆగింది. తర్వాత ఒళ్ళో ఆకులు దులుపుకుని లేచి, ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

హిమబిందు మట్టిలోంచి లేవలేకపోయింది. అయిపోయింది. తన నోటితో తనే కూతుర్ని చంపుకుంది. త్రినాథ్‌కి ఏమని చెబుతుంది? సత్యం పలికానని చెబుతుందా? ఆ సత్యాన్ని పిల్ల తలదగ్గర దీపంలా పెట్టుకుంటుందా? తలుపు దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి కొట్టింది. "అమ్మా, నన్ను కొట్టు, తిట్టు. మా పాపకి తొమ్మిదేళ్ళమ్మా. దానికేం తెలుసు?" జోయెల్ వచ్చి రెక్క పట్టుకుని లేపబోతే విదిలించుకుంది.

ఆ తలుపు తెరుచుకునే సరికి ముత్తమ్మ చంకలో మడత పెట్టిన దుప్పటి ఉంది.

"మా మరిది ఇంట్ల ఒక పిల్ల, అవతలి గుంపుల ఒక పోరడు ఇట్లనే పడి ఉన్నరు. వాళ్ళక్కూడా ఏం లేదన్నది నీ డబ్బా. ముందుగాల వాళ్ళని నీ బండెక్కించు. ఎక్కినంక మాట్లాడత."

అవతలి గుంపంటే కొండ దిగువనున్న చిన్న పల్లె. పోయి, నచ్చజెప్పి, దుప్పట్లో పిల్లల్ని మోసుకు రావాలి. అంతసేపూ కాకినాడలో సంహిత మెదడు వాస్తూనే ఉంటుంది. హిమబిందు ఎదురు చెప్పలేదు. దుప్పటి ఒక కొస తనే పట్టుకుని దిగింది. అక్కడి తల్లి, "డబ్బా ఏం లేదన్నది కదమ్మా?" అని అడిగితే, "తప్పు చెప్పింది. పెద్ద జబ్బే. ఇప్పుడే రావాలి," అంది. ఆ తల్లి గుండె బాదుకుంది. అలాంటి మాట ఒక రోగి ఇంట్లో అనడం హిమబిందుకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

పిల్లలిద్దరినీ జీపులో పడుకోబెట్టాక ముత్తమ్మ డబ్బా ముందు కూర్చుంది. జోయెల్ మీట నొక్కాడు. "నమస్కారమండి. మీ అనుమతి..." అని త్రినాథ్ గొంతు తీయగా మొదలుపెట్టిందో లేదో ముత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ గొంతు ముయ్యి. దానితోని నేను మాట్లాడ."

జోయెల్ మూత తెరిచి స్పీకరు తీగ పీకేశాడు. నోరుపోయిన డబ్బా మీద వంగి ముత్తమ్మ, "జోగయ్యవి. వాళ్ళమ్మను. చూడనియ్యి," అంది.

జోయెల్ ముక్కల్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని నల్లతెర తెరిచాడు. వేళ్ళు టకటకలాడుతుంటే తెల్లటి వరసలు పైకి పోతున్నాయి. హిమబిందు పక్కనే కూర్చుని, ఒక్క ముక్క అర్థంకాక, ఒకప్పుడు వాళ్ళ గది బయట కూర్చున్నట్టే కూర్చుంది. అడగాల్సిన ప్రశ్న ఆమెకు తెలుసు. దాన్ని అడిగే మీట తన డబ్బాకు పెట్టలేదు.

"చూడండి మేడం," అన్నాడు జోయెల్ చివరికి. "ఇవన్నీ ఒకదానివేనండి. దగ్గరి చుట్టం ఎవరో చూడండి."

ఆ పేరు ఆమె చదవగలదు. అమీబా. బురదనీళ్ళలో ఉండి, ముక్కులోంచి మెదడుకెక్కే జాతి. దీన్ని మాత్రం ఇంతవరకు ఎవరూ చూడలేదు.

మొదటి సిగ్నల్ దొరికిన మలుపులో జీపు ఆపి హిమబిందు డాక్టరమ్మకి పేరు చెప్పింది. పాప ఉందా అని అడగడానికి నోరు రాలేదు. "మందు మొదలుపెడుతున్నాను," అన్న జవాబులోంచే ఉందని తెలుసుకుంది. తర్వాత ఆఫీసుకు చేసి డబ్బాలన్నీ ఆపెయ్యమంది. అన్నీనా మేడం అని అడిగారు. అన్నీ. ఆపితే మాత్రం? ఏం లేదన్న మాట విని బండ్లు వెనక్కి పంపించినవాళ్ళు ఎందరో, ఏ ఊళ్ళలోనో, వాళ్ళ ముక్కలు ఇక ఏ యంత్రంలోనూ లేవు. వెనకసీట్లో ముత్తమ్మ మరిది కూతురి తలను ఒళ్ళో పెట్టుకుని, మలుపుల్లో అది కదలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చుంది. హిమబిందు వెనక్కి తిరిగి, జారిన దుప్పటి పిల్ల కాళ్ళ మీదికి లాగింది.

ముగ్గురు పిల్లలకూ ఎక్కించిన ఆ మందు క్రిమితోపాటు మనిషినీ కాలుస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. కొండనుంచి తెచ్చిన పోరడు గండం దాటి బయటపడ్డాడు. ముత్తమ్మ మరిది కూతురు దక్కలేదు. సంహిత అటో ఇటో తేలకుండా చాలారోజులు ఊగిసలాడి, ఒక మధ్యాహ్నం, త్రినాథ్ తడిగుడ్డతో చేతులు తుడుస్తుంటే కళ్ళు తెరిచింది.

"అమ్మలూ!" ఆయన ఆమె మీదికి వంగిపోయాడు. "నాన్నరా! ఏం లేదు తల్లీ, ఏం లేదు. అంతా తగ్గిపోయింది. నాన్న ఉన్నాడుగా!" ఆనందంతో ఆ గొంతు గదంతా నిండి వరండాలోకి పొంగింది. వార్డులో నర్సులు తొంగిచూసి నవ్వారు.

సంహిత ఆయన పెదాల వైపు చూస్తోంది.

"నాన్నా," అంది నీరసంగా. "మాట్లాడవేం?"

"మాట్లాడుతున్నా కదమ్మా! ఇదిగో, నాన్న..."

"నాన్నా, గట్టిగా మాట్లాడు."

హిమబిందుకు ముందు అర్థమైంది. మెదడువాపు వినికిడి నరాన్ని మింగేసింది. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. త్రినాథ్ ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా, తనకు తెలిసిన ధైర్యపు మాటలన్నీ ఒకదానిమీద ఒకటి చెబుతూనే ఉన్నాడు. చెబుతూ చెబుతూ పిల్ల కళ్ళలోకి చూసి, మధ్యలో ఆగిపోయాడు. ఆయన పెదాలు కదలడం మానేశాయి.

సంహిత చెయ్యి పైకెత్తి ఆయన చెంప ముట్టుకుని, ముఖమంతా పరికించి చూసింది.

"భయమేస్తోందా నాన్నా?"

త్రినాథ్ అవునన్నట్టు తల ఊపాడు. అది మాత్రం పిల్లకు అర్థమైంది.